బాసికంలో మైకు

సామర్లకోట,
శ్రావణ శుక్రవారం.

తమ్ముడు రాజశేఖర్‌కు,

మీ అన్న ప్రసాదరావు ఆశీస్సులు. చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మీ ఆవిడ రోజాకు వినిపించే ముందు నువ్వొక్కడివే ఓసారి చదువుకో.

హిమబిందు నిశ్చితార్థానికి నువ్వు తీసిన వీడియో అందింది. బొమ్మ బ్రహ్మాండం. మా అమ్మాయి, కాబోయే అల్లుడు నాగరాజ్, వియ్యంకుడు మహాదేవప్పగారు, ఆయన వెనక గోడ మీద బల్లి, అందరూ స్పష్టంగా ఉన్నారు. మాట మాత్రం ఒక్కటీ తెలియలేదు. బ్యాండు, పిల్లల ఏడుపులు, వంటవాళ్ల గిన్నెలు కలిసి ఒకటే హోరు. తప్పు నీదా నాదా తేల్చుకుందామని మీ వదినను పిలిచి వినమన్నాను. "కొంత వీడియోది, చాలావరకు మీ చెవులది" అని తీర్పు చెప్పింది.

అసలు సంగతి అదే. మన వంశంలో మగవాళ్ల చెవులు అరవై దాటగానే రిటైరవుతాయి. నావి ఫ్యాక్టరీ నుంచి నాతోపాటే రిటైరయ్యాయి. డాక్టరు చెవిమిషన్ ఇచ్చాడు. ఎదురుగా కూర్చుని ఒక్కరు మాట్లాడితే బాగానే వినపడుతుంది. నలుగురు చేరితే చాలు, మాటనూ మేళాన్నీ కుర్చీ జరిపిన చప్పుడునూ ఒకే రకంగా పెంచి చెవిలో పోస్తుంది. ఫోన్లో సగం వింటాను, సగం ఊహించుకుంటాను. ఊహ చాలాసార్లు తప్పుతుంది. వంటింట్లోంచి "ఏమండీ" అంటే నేను పలకడం లేదని మీ వదిన ఇప్పుడు గరిటెతో పళ్లెం మోగిస్తోంది. మీ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికి మాత్రం ఇదేమీ చెప్పలేదు.

పెళ్లి మాఘమాసంలో, మీ జహీరాబాద్‌లోనే. అయ్యాక అల్లుడి ఇంటి గడప దగ్గర పిల్లలిద్దరూ పేర్లు చెప్పాలి కదా. మా వైపు పొడిగా చెప్పేసి లోపలికి పోతాం. మహాదేవప్పగారి వాళ్లది కర్ణాటక సరిహద్దు పద్ధతి కాబట్టి, పేరును చిన్న పద్యంలో ఇరికించి చెప్పాలట. ఒడపు అంటారట. హిమబిందు అప్పుడే కట్టడం మొదలెట్టింది. ఏదీ, రాసి పంపించమ్మా అంటే "గడప దగ్గరే వినండి నాన్నా" అని మెసేజ్ పెట్టింది.

అది నేను వినాలి తమ్ముడూ. నాకు ఇంకేమీ అక్కర్లేదు. నువ్వు పెళ్లిళ్ల కోసం వైర్‌లెస్ మైకులు కొంటానని నిశ్చితార్థంలో అన్నట్టు గుర్తు. నేను ఊహించుకున్నానేమో కూడా తెలియదు. నిజమే అయితే, కొనేటప్పుడు నా చెవులను ఒకసారి తలుచుకో.

మీ అన్న,
ప్రసాదరావు


జహీరాబాద్,
నిమజ్జనం మర్నాడు.

ప్రసాదరావు అన్నకు,

నమస్కరించి రాసేది. మీరు ఊహించుకోలేదు, మైకుల మాట నేనన్నదే. మీ ఉత్తరం ఒంటరిగానే చదివాను. కాని నా ముఖం చూసి రోజా లాక్కుని చదివేసింది. రహస్యం ఇద్దరి దగ్గర ఉందనుకోండి.

మీరు ఉత్తరం రాస్తే నేను ఫోన్లో రెండు ముక్కలు పంపడం మర్యాద కాదు కాబట్టి నేనూ కాగితం పట్టాను. స్కూలు వదిలాక ఇంత రాయడం ఇదే. తప్పులుంటే మీ ఫ్యాక్టరీలో లాగా ఎర్ర పెన్నుతో దిద్దకండి.

ఇప్పుడు పెళ్లిళ్లకు ఎక్కువగా వాడుతున్నవి చిన్న మైకులు. కుంకుమ భరిణె అంత పెట్టెలో రెండు వస్తాయి. చొక్కాకు తగిలిస్తే బొత్తామంత కనిపిస్తాయి. వాటికి చప్పుడు తగ్గించే మీట కూడా ఉంది. ఇంట్లోనే పరీక్ష పెట్టాను. కుక్కర్ పక్కన రోజాను నిలబెట్టి, మీట నొక్కి, మాట్లాడమన్నాను. కుక్కర్ విజిల్ పోయింది. రోజా మాట కూడా సగం పోయింది. రికార్డు వినిపిస్తే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని "నా మాట గూడ చప్పుడేనా నీ మిషన్‌కు?" అంది. ఆ మీట జోలికి ఇక పోను.

తర్వాత కోహీర్‌లో ఒక పెళ్లికి తీసుకుపోయాను. పెళ్లికొడుక్కి తగిలిస్తే మంత్రాలన్నీ ముత్యాల్లా వచ్చాయి. అక్షింతలకు జనం మంటపం ఎక్కారో లేదో సిగ్నల్ తెగింది. వీటికి మనిషి అడ్డమొస్తే చాలు. అయినా దిగులు పడలేదు, ఎందుకంటే మైకు లోపలే రికార్డు కూడా అవుతుంది. ఇంటికొచ్చి తీసి చూస్తే ఒక్క మాట పోలేదు.

అందుకే ఇవే కొందామనుకుంటున్నాను. హిమబిందు ఒడపు ఎక్కడికీ పోదు. మర్నాడు మిమ్మల్ని మా ఇంట్లో కూర్చోబెట్టి, తలుపులు మూసి, తీరిగ్గా వినిపిస్తాను. ఫికర్ చేయకండి.

మీ తమ్ముడు,
రాజశేఖర్


సామర్లకోట,
దసరా వెళ్లాక.

తమ్ముడు రాజశేఖర్‌కు,

మర్నాడు వినడానికైతే ఇంత ఉత్తరం ఎందుకు రాస్తానయ్యా?

నేను ఇప్పుడు అందరూ నవ్వాక నవ్వే మనిషినయ్యాను. ఎవరో ఏదో అంటారు. నేను ముఖాలు చూస్తాను. పళ్లు కనపడగానే నేనూ నవ్వుతాను. ఒక్కోసారి అది నవ్వే మాట కాదు. మొన్న ఒకాయన గేదె చచ్చిపోయిందని ముఖం చిట్లించుకుని చెబుతుంటే పళ్లు కనపడ్డాయి కదా అని హాయిగా నవ్వేశాను. ఆయన కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

నా కూతురు గడప మీద నిలబడి ఒడపు చెబితే అందరితో పాటు నవ్వాలి. అందరి తర్వాత కాదు. అడగడానికి ఇదేమంత పెద్ద కోరిక కాదు, రాస్తుంటే మాత్రం కళ్లు చెమర్చాయి. నవ్వుకో, ఫరవాలేదు.

అందుకని నీ చిన్న మైకులు నీ వీడియోకు మంచివే కావచ్చు, నాకు పనికిరావు. లోపల రికార్డయ్యేది నా చెవికి ఆ క్షణంలో రాదు. గడప దగ్గర ఉండేదే జనం. మనిషి అడ్డమొస్తే తెగే సిగ్నల్ అక్కడ నిలుస్తుందా? జనంలోంచి కూడా తెగకుండా వచ్చేది చూడు. సిగ్నల్ అందుకునే పెట్టెకు ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం తప్పకుండా ఉండాలి. పెట్టెను లాల్చీ జేబులో వేసుకుంటాను, వైరును కండువా కింద దాచుకుంటాను. నోటి దగ్గర పట్టిన మాట సూటిగా చెవిలో పడితే నాకు చక్కగా తెలుస్తుంది. ఇంట్లో టీవీకి ఇయర్‌ఫోన్ పెట్టి చూసుకున్నాను.

ఇంకో చిన్న చిక్కు. నిశ్చితార్థం నాడు బ్యాండు మోగుతుండగా మహాదేవప్పగారు నా భుజం మీద చెయ్యేసి ఏదో అడిగారు. నేను "తప్పకుండా, అంతకంటేనా" అన్నాను. ఆయన పొంగిపోయి కావలించుకున్నారు. నీ వీడియోలో నేను తల ఊపడం కనిపిస్తోంది కాని, దేనికి ఊపానో వినపడటం లేదు. కాస్త కనుక్కో. ఆయనను నేరుగా అడిగితే నా చెవుల బండారం బయటపడుతుంది.

మీ అన్న,
ప్రసాదరావు


జహీరాబాద్,
కార్తీక సోమవారం.

ప్రసాదరావు అన్నకు,

మీరు చెప్పింది నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా పెళ్లి అంటే తర్వాత చూసుకునేది అనుకునే తీశాను. అక్కడే కూర్చుని వినాల్సిన మనిషి ఉంటాడని అనుకోలేదు. సిగ్గేసింది.

బీదర్‌లో సౌండ్ పని చేసే సంగప్ప నాకు తెలుసు. అతని దగ్గర పెద్ద రకం సెట్టు అడిగి తెచ్చాను. దీని పెట్టె నడుముకు కట్టాలి, సన్నటి వైరు చివర బియ్యపు గింజంత మైకు ఉంటుంది. చూపుకు చిన్నవాటంత సోకుగా ఉండదు. కాని జనం మధ్యలోంచి కూడా గట్టిగా వస్తుంది, ఇయర్‌ఫోన్ రంధ్రమూ ఉంది. న్యాల్‌కల్ దగ్గర ఒక పెళ్లిలో ఊరేగింపు మొత్తం పెట్టాను, ఒక్కసారి కూడా తెగలేదు.

పొంగిపోయి మర్నాడే ఇక్కడ టౌన్‌లో ఒక ఫంక్షన్ హాల్‌కు తీసుకుపోయాను. పక్కనే ఇంకో హాలు, అందులో ఇంకో పెళ్లి, వాళ్లకూ ఇలాంటి మైకులే. నా చెవిలో పురోహితుడు మంత్రం అందుకున్నాడు. ఆ వెంటనే ఎవరో "పెరుగు బకెట్ ఏడవెట్టిన్రు రా?" అన్నాడు. మా పురోహితుడు పాపం నోరు మూసుకునే ఉన్నాడు. మైకులు రెండూ ఒకే చానల్ మీద పడ్డాయి. మీ చెవిలో పక్క పెళ్లికూతురి ఒడపు పడితే ఎట్లా అని వెంటనే ఫోన్ తీశాను. సంగప్పను అడిగితే నవ్వి, ముందురోజే పోయి ఖాళీ చానల్ వెతికి పెట్టుకోవాలన్నాడు. మన పెళ్లికి హాల్లోనూ వియ్యంకుల ఇంటి దగ్గరా రెండుచోట్లా వెతికి పెడతాను. ఈ రకం సెట్టే కొంటున్నాను, నిశ్చయం.

ఇక మీరు తల ఊపిన సంగతి. బజారులో మహాదేవప్పగారి అల్లం దుకాణానికి పోయి, చాయ్ తాగుతూ మాటల్లో పెట్టాను. ఆయన ఏమన్నారో అట్లనే రాస్తున్నాను.

"మీ రావుగారు మస్తు దిల్‌దార్ మనిషి. గడప కాడ పిల్లలతోని పాటు మనం గూడ జోడీలుగ నిలవడి ఒడపులు చెప్దామా అని అడిగిన. అటు దిక్కోళ్లు సిగ్గుపడ్తరేమో అనుకున్న. అడుగుతనే ఒప్పుకున్రు! మా శాంతమ్మ అప్పుడే తనది తయారు జేసుకున్నది."

దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఈ మాట చెబుతున్నారు అన్నా. అల్లం కొనేవాళ్లకు కూడా.

మీ తమ్ముడు,
రాజశేఖర్


సామర్లకోట,
మార్గశిరం.

తమ్ముడు రాజశేఖర్‌కు,

కొంప ముంచావు. నువ్వు కాదు, నేనే ముంచుకున్నాను.

నేను చెప్పడానికి నాకేం బెరుకు లేదు. కట్టేశాను కూడా.

"సామర్లకోట రైలు సమయానికి రాదు,
సీతామహాలక్ష్మి కాఫీ ఆలస్యం కాదు."

ఎలా ఉంది? ఇంజనీరుకు ఇంతకంటే రాదు. చిక్కంతా మీ వదినతో. పెళ్లయిననాటి నుంచి ఆవిడ నా పేరు పలకగా నేను వినలేదు. ఏమండీ, హిమబిందు నాన్నగారు, మా వారు, ఇవే. బ్యాంకులో భర్త పేరేమిటని అడిగితే నా వైపు చూపిస్తుంది. గుళ్లో అర్చనకు నా పేరు నేనే చెప్పుకోవాలి. మా పెళ్లిలో గడప దగ్గర కూడా వాళ్ల పిన్ని చెప్పేసి లోపలికి లాక్కుపోయింది. అలాంటి మనిషిని అంతమంది ముందు నిలబెట్టి పేరు చెప్పమంటే పెళ్లి మానేసి సామర్లకోట రైలెక్కుతుంది. ఆ రోజు మాత్రం రైలు సమయానికి వస్తుంది.

నాకు ధైర్యం చాలక ఆవిడకు ఇంకా చెప్పలేదు. నువ్వే ఎలాగోలా మహాదేవప్పగారికి నచ్చజెప్పి ఆవిడ వరకు తప్పించు. నేను కావాలంటే రెండు పద్యాలు చెబుతాను.

మైకు ఎక్కడ తగిలిస్తావు? గాజులు, నగలు, పట్టుచీర గరగర అన్నీ నా చెవిలోకే వస్తాయి కదా. అది కూడా ఆలోచించు.

మీ అన్న,
ప్రసాదరావు


జహీరాబాద్,
సంక్రాంతి ముందు.

ప్రసాదరావు అన్నకు,

వదిన సంగతి నాకు వదిలేయండి. ఇంతకంటే అడగవద్దు.

మైకు ఎక్కడ పెట్టాలో రోజా చెప్పింది. ఆమె పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తుంది కదా, నేను మైకును మెడ దగ్గర పెడతానంటే ఒప్పుకోలేదు. "హారాలన్నీ దానికే తగుల్తయి. నొసటికి పెట్టు, ఆడ ఏం నగ లేదు" అంది. నొసటికి ఎట్లా అంటే బాసికంలో అంది. మహాదేవప్పగారి వాళ్లు బాసింగం అంటారు, ఏదైనా నుదుటికి కట్టేదే. గడప దాటేదాకా అది విప్పొద్దని శాంతమ్మగారు ముందే చెప్పారు. బియ్యపు గింజంత మైకును పూసల మధ్య కుట్టేస్తాం. వైరు పూలజడలోంచి నడుము దాకా దిగుతుంది. ఒకటే షరతు పెట్టింది రోజా. "పిల్ల కుచ్చిళ్లు చెడగొడితె మాత్రం ఊకోను."

ఆదివారం హిమబిందును పిలిచి కట్టి చూశాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాసికంలో మైకు ఎందుకని అడిగితే నేను అబద్ధం ఆడలేకపోయాను. మీ చెవుల సంగతి చెప్పేశాను. ఆమె నవ్వింది.

"నాకు ఎప్పుడో తెలుసు బాబాయ్. నాన్నా, ఆడ వానలు ఎట్లున్నాయి అంటే భోంచేశానమ్మా అంటారు. అత్తమ్మవాళ్లు మిమ్మల్ని అడిగిన్రు అన్నా భోంచేశానమ్మా అంటారు. ఆ మాట కోసమే రోజూ ఫోన్ చేస్తున్న."

తర్వాత ఆమెను మేడ మీద గదిలో కూర్చోబెట్టి, నేను పెట్టె పట్టుకుని రోడ్డుకు అవతల నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. నా చెవిలో మాత్రం పక్కన కూర్చుని అడిగినట్టు "నాన్నా, భోంచేశారా?" అని వినపడింది. ఒడపు నాకు కూడా చెప్పలేదు, గట్టి పిల్ల.

ఈ సెట్టులో మైకులు రెండొస్తాయి. రెండోది పురోహితుడికి. రెండూ మీ చెవిలో వినిపిస్తాయి, కంగారు పడకండి.

మీ తమ్ముడు,
రాజశేఖర్


సామర్లకోట,
ఫాల్గుణం.

తమ్ముడు రాజశేఖర్‌కు,

పెళ్లి హడావిడిలో నీకు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. నువ్వు కెమెరా వెనక ఉండి నా ముఖం తీశావు, చూశాను. నా చెవిలో ఏం జరిగిందో మాత్రం నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ముందు నీ మీద ఫిర్యాదు. బాసికంలో మైకు పెట్టినవాడివి తలంబ్రాల సంగతి ఆలోచించవద్దా? అల్లుడు గుప్పిళ్లతో పోస్తుంటే నా చెవిలో వడగళ్ల వాన. ఎగిరి గంతేశాను. అప్పటికే చెవిలో వైరు చూసి నేను కన్యాదానం చేస్తూ క్రికెట్ వింటున్నానని మీ ఊరి పెద్దమనుషులు అనుకుంటున్నారట. నేను గంతేయగానే ఒకాయన వచ్చి "సార్, ఎవరు ఔటయ్యిన్రు?" అని అడిగాడు.

పురోహితుడి మైకు ఎంతసేపు విన్నా నాకు రాలేదు. పాడైందేమో, నీకు చెబుదామనుకుని మరిచిపోయాను. ఎంత అమాయకుణ్ని!

ఇక గడప. నేను వాకిట్లో జనం వెనక ఉన్నాను. ఆడపడుచు దీపిక తలుపుకు అడ్డంగా నిలబడింది. బ్యాండు మోగుతూనే ఉంది. చెవిమిషన్ తీసేసి నీ ఇయర్‌ఫోన్ రెండు చెవులకూ పెట్టుకున్నాను. ముందు అమ్మాయి ఊపిరి వినపడింది. భయపడుతోందని తెలిసింది. చిన్నప్పుడు స్కూల్లో పద్యం అప్పజెప్పే ముందు అలాగే ఊపిరి తీసేది. అప్పుడు చెప్పింది.

"కోహీరు జామపండు కొరికితే కమ్మన,
కోపమొచ్చినా నాగరాజు మాట చల్లన."

నవ్వాను. అందరితో పాటు నవ్వాను తమ్ముడూ. పక్కవాళ్ల ముఖాలు చూడలేదు, పళ్ల కోసం వెతకలేదు. మాట అయింది, నవ్వు వచ్చింది. ఎన్నాళ్లయిందో ఇలా నవ్వి.

అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను. అల్లుడు తనది చెప్పాడు. మహాదేవప్పగారు, శాంతమ్మగారు కన్నడంలో చెప్పారు, అందరూ ఈలలు వేశారు. నన్ను ముందుకు తోశారు. నా రైలూ కాఫీ చెప్పాను. బాగానే నవ్వారు. మీ వదినను నువ్వు తప్పించి ఉంటావని ధీమాగా మళ్లీ జనం వెనక్కి వచ్చేశాను. చూస్తే ఆవిడ గడప మీదికి వచ్చి నిలబడింది. రోజా వెనక నుంచి ఆవిడ పైట సర్దుతోంది. సర్దుతోందా, మైకు సరిచేస్తోందా? పురోహితుడికని నువ్వు చెప్పిన ఆ రెండో మైకు ఎక్కడుందో అప్పుడు కూడా నాకు వెలగలేదు.

ఆవిడ తల దించుకుంది. నా వైపు చూడలేదు. పెదవులు కదిలాయో లేదో కూడా తెలియదు. నా రెండు చెవుల్లోనూ, అంత దగ్గరగా నేను ఎప్పుడూ వినని గొంతుతో,

"పళ్లెం మోగించినా పలకనివారు...
పేరు పెట్టి పిలిస్తే పలుకుతారా, ప్రసాదరావుగారూ?"

నా పేరు ఆ గొంతులో ఎలా ఉంటుందో ఈ వయసులో తెలిసింది. మీరంతా కలిసి ఎన్నాళ్లు నేర్పించారో, ఎంత బతిమాలారో నాకు తెలియదు. అడిగితే ఆవిడ చెప్పడం లేదు.

జనానికి మాత్రం ఏమీ అందలేదు. దీపిక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నరు అత్తమ్మా?" అంది. వెనక నుంచి ఎవరో "బ్యాండు బంద్ జెయ్యిన్రి" అన్నారు. మహాదేవప్పగారు చేతులెత్తి "ఏం ఇనవడలె అమ్మా! మళ్లొకసారి చెప్పున్రి!" అని అరిచారు. మీ వదిన ఎర్రబడిపోయి, మళ్లీ చెప్పలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను జనాన్ని తోసుకుంటూ గడప దగ్గరికి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"మళ్లీ చెప్పక్కర్లేదండీ," అన్నాను, "నాకు వినపడింది."

మీ అన్న,
ప్రసాదరావు